ఓడ వచ్చిందో లేదో చూసి రమ్మన్నారు

విశాఖపట్నం వెళ్లొచ్చానంటే ఎవరైనా ముందు బీచ్ గురించే అడుగుతారు. నేను బీచ్ కోసం పోలేదు, ఓడ కోసం పోయాను. ఆ ఓడ కడుపులో మా మొక్కజొన్నకు వేయాల్సిన యూరియా ఉందని చెప్పారు. ఉన్న మాట నిజమేనా అని చూసి రావడానికి మా ఊరు నన్ను పంపింది. నాలుగు రోజుల్లో చూసినవీ, తిన్నవీ, పడ్డ తిప్పలూ ఇవి.

మా సంఘం గది ముందు

మాది తెలంగాణలో, మానుకోట దగ్గర ఒక ఊరు. మూడెకరాల మొక్కజొన్న, ఎకరం వరి మా సేద్యం. ఊరి సహకార సంఘంలో నేనొక డైరెక్టర్ని. పేరు పెద్దదే కానీ ఈ వానాకాలం నేను చేసిన పనల్లా ఒక్కటే: సంఘం గది ముందు నిలబడి, వచ్చినవాళ్లకు "ఇంకా రాలేదు" అని చెప్పడం. గది ముందు మనుషుల కంటే ముందు చెప్పులు వరసలో నిలబడేవి. చెప్పుల పక్కన రాయి కింద పెట్టిన పాసుబుక్కులు. మొక్కజొన్న మోకాలు దాటింది. కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఆ సమయంలో యూరియా పడకపోతే కంకి నిండదు. వారం ఆగొచ్చు, రెండు వారాలు ఆగలేం.

ఒక రోజు మండలం నుంచి వ్యవసాయాధికారి వచ్చి, కేంద్రం విదేశాల నుంచి తెప్పించిన యూరియా విశాఖపట్నం రేవుకు చేరిందనీ, అక్కడి నుంచి గూడ్సులో మనకు వస్తుందనీ చెప్పాడు. వరసలోంచి ఒక ముసలాయన లేచాడు.

"ఓడ వచ్చింది, వచ్చింది అంటరు గని సారూ, చూసినోళ్లు ఎవ్వరు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో కోపమే ఎక్కువ. అప్పుడే ఎవరో నా వైపు తిరిగి, "పద్మక్కా, నీ చెల్లె వైజాగ్‌లనే ఉంటది గద, పోయి చూసి రారాదు?" అన్నారు. సగం వేళాకోళమే. కానీ ఇంటికి పోతే నాకు కూర్చోబుద్ధి కాలేదు, పడుకోబుద్ధి కాలేదు. సంఘం తరఫున ఒక దరఖాస్తు రాయించి, ముద్ర కొట్టించి, మర్నాడు రైలెక్కాను. మా ఆయన మల్లేశం స్టేషన్‌లో ఒక్క మాటే అన్నాడు: "చూసి రా. ఉత్తగ మాత్రం రాకు."

గాజువాక

మా చెల్లెలు స్వరూప గాజువాకలో ఉంటుంది. దాని భర్తకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. వాళ్లింట్లో గడియారం అక్కర్లేదు, ఆయన షిఫ్టును బట్టే కుక్కర్ కూస్తుంది. నేను దిగేసరికి ముసురు. ఆకాశం మూసిన మూకుడులా ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో చెబుతున్నారు.

"మూడేండ్లకు కనవడ్డవు, రెండు దినాలు కూసో" అంది స్వరూప. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మల్లేశం ఫోన్. "చూసినవా?" ఇంకా ఇప్పుడే దిగానంటే నమ్మలేదు.

వీధి మలుపులో తోపుడు బండి మీద అంబలి అమ్ముతున్నారు. మా దగ్గర జొన్న గట్క అలవాటు. ఇక్కడ చోడి అంబలి. రాగుల్ని వీళ్లు చోళ్లంటారు. మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నంజుకోవడానికి ఊరమిరపకాయ. గ్లాసు ఇరవై రూపాయలు. నిలబడే తాగేశాను. కడుపు చల్లబడింది కానీ కాళ్లు మాత్రం నిలవలేదు. బస్సు పట్టుకుని కాంప్లెక్సుకు పోయాను. పెద్ద బస్టాండును ఊరంతా కాంప్లెక్సనే అంటారు, ఆ మాట తెలియక కండక్టరుతో రెండుసార్లు తగువు పడ్డాను.

తప్పు గేటు

కాంప్లెక్సు బయట ఆటో అడిగాను. "పోర్టుకు పోవాలె. యూరియా ఓడ వచ్చిన గేటు కాడికి."

ఆటో అతను నన్ను ఎగాదిగా చూశాడు. నలభై ఏళ్లుంటాయి, ఖాకీ చొక్కా. పేరు అప్పలనాయుడు. "పోర్టుకి గేట్లు బోల్డున్నాయమ్మా. యూరియా గేటంటే ఏటని ఎల్తాం? సరే, ఎక్కండి. అడుగుదాం."

దారిలో నా సంగతంతా విన్నాడు. విన్నాక అద్దంలో నా ముఖం చూస్తూ అన్నాడు. "నాను పద్మనాభం నుంచి ఒస్తానండి రోజూ. ఎకరం వరుంది. పొద్దున్న ఆటో, సాయంత్రం పొలం. మాకూ లేదు యూరియా. మీరు రైలెక్కి ఒచ్చీసారు గానీ, నాను రోజూ ఈ పోర్టు పక్కనుంచే ఎల్తాను, అందులో మా యూరియా ఉందని ఎప్పుడూ తోచలేదు."

అతను దింపిన గేటు దగ్గర కాపలా అతను పాసు అడిగాడు. లేదన్నాను. దరఖాస్తు చూపించాను. పెద్దాయన వస్తాడు, ఆగమన్నాడు. పిట్టగోడ మీద కూర్చున్నాను. లారీ వెనక లారీ. గంట గడిచింది. వచ్చిన పెద్దాయన నా కాగితం చదివి, "అమ్మా, ఇది బొగ్గు గేటు. మీ ఎరువులు ఇటేపు రావు" అన్నాడు. లేచి చూసుకుంటే నా లేత పసుపు చీర వెనకంతా నల్లగా ఉంది. అప్పలనాయుడు నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పి, సీటు కింది నుంచి గుడ్డ తీసి ఇచ్చాడు. తుడిస్తే మరింత పాకింది.

"ఓడ సూడాల, అంతే కదండి? జాలరిపేట తీసుకెల్తాను. అక్కణ్ణుంచి ఓడలన్నీ అగుపిస్తాయి."

జాలరిపేట

నాకు సముద్రం కొత్త కాదు, పెళ్లయిన కొత్తలో ఒకసారి చూశాను. కానీ ఇంత కోపంగా ఉన్న సముద్రాన్ని చూడలేదు. బూడిద రంగు నీళ్లు ఒడ్డును తవ్వుతున్నాయి. తెప్పలూ పడవలూ ఇళ్ల గుమ్మాల దాకా లాగి పెట్టారు. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్లు గోనె పట్టాల మీద ఎండు చేపలు పెట్టుకుని, పైన ప్లాస్టిక్ కప్పి, కూర్చున్నారు.

దూరంగా, నీళ్లూ ఆకాశమూ కలిసే చోట, ఓడలు. పదీ పన్నెండు ఉంటాయి. ఏదీ కదలడం లేదు. గొడుగు చాటు నుంచి ఒక్కొక్కదాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఎండు నెత్తళ్లు అమ్ముతున్న ఒకామె పిలిచింది. "ఏటి సూత్తన్నావమ్మా అలాగ? మీవోలెవులైనా ఓడలో ఉన్నారేటి?"

"యూరియా ఓడ కోసమమ్మా. ఏది?"

ఆమె పక్కనున్నవాళ్లకు నా మాట చెప్పింది. పెద్ద నవ్వు. తర్వాత కాస్త జాలిపడి, "అయ్యి బయట కాసుకున్నవి. సోటు దొరికిందైతే లోనకెల్లిపోద్ది. లోనకెల్లినది ఇక్కణ్ణుంచి అగుపించదు" అంది.

అంటే నేను చూస్తున్నవేవీ మావి కావు. అయినా కళ్లు అటే పోతున్నాయి.

"వాన ఎప్పుడు ఎలుస్తాదో" అన్నాడు అప్పలనాయుడు.

"మావోలు నాలుగు దినాల్నుంచి ఒడ్డునే ఉన్నారు నాయనా. సంద్రంలోకి ఎల్లొద్దన్నారు. సేపల్లేవు. ఎండువే అమ్ముతున్నాం."

పోగు నూట యాభై చెప్పింది. నూట ఇరవైకి ఇచ్చి, పైన ఒక గుప్పెడు కొసరు వేసింది. మా అంగట్లో ఎండు చేపలు కొసరు లేకుండా తూకమే. ఆ సంచిని నాలుగు రోజులూ వెంటేసుకు తిరిగాను. నేనెక్కిన ప్రతి బస్సులోనూ పక్క సీటు ఖాళీగానే ఉంది.

గోడ మీద కాగితం

రెండో రోజు నలుగురినీ అడగ్గా అసలు చోటు దొరికింది. మా రాష్ట్రం వాటా ఎరువుల పంపకం చూడ్డానికి రేవు దగ్గర ఒక అధికారి ఉంటాడు. సత్యం గారు. నల్లగొండ మనిషి, యాభై దాటిన వయసు, కళ్ల కింద నలుపు. గది చిన్నది. ఒక గోడ నిండా కాగితాలు: ఏ ఓడ ఎప్పుడొచ్చింది, దేన్ని రేవులో ఏ చోట, అంటే ఏ బెర్తులో, నిలిపారు, ఏ గూడ్సు ఏ స్టేషనుకు పోవాలి.

దరఖాస్తు ఇచ్చాను. సంచిలో వాన నీళ్లు దిగి సంఘం ముద్ర ఊదా రంగు మరకైపోయింది. అక్షరాలు సగం లేవు. ఆయన దాన్ని బల్ల మీద చదును చేసి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి, "చదవక్కర్లేదమ్మా. మీరు నోటితో చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. ఆయన విన్నాడు. తర్వాత లెక్క వివరించాడు. పై దేశాల్లో ఎక్కడో గొడవలతో ఓడలు ఆలస్యమయ్యాయి. అందుకే యూరియా ఓడ వస్తే మిగతావాటిని ఆపి ముందు దానికే చోటివ్వమని పై నుంచి చెప్పారు. రైలు వాళ్లు బండ్లు సిద్ధంగా పెట్టారు. గూడ్సును వీళ్లు రేకు అంటారు. ఒక్కో రేకు ఒక్కో జిల్లాకు.

"కాగితం మీద అన్ని సరిగనే ఉన్నయమ్మా. ఓడ మొన్ననే లోపలికి వచ్చింది. కొంత దించినం. అంతల వాన. యూరియా మీద నీళ్లు పడితే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా? ఓడ మూతలు మూసిండ్రు. వాన ఆగేదాక తియ్యరు."

మా దగ్గర యూరియా చల్లడానికి సన్నటి వాన కావాలి. అక్కడ ఆ వాన పడుతోందని మల్లేశం పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఇక్కడ వాన ఆగాలి. రెండు చోట్లా ఒకే మబ్బు.

"మొదటి రేకు మాదేనా సారూ?"

ఆయన గోడ వైపు చూశాడు. మాది కాదు. మొదటిది ఉత్తరాన పత్తి పండే జిల్లాకు. మాది మూడోది.

"మా దగ్గర ఒక్క సంచి లేదు సారూ."

ఆయన ఫోన్ తీసి, ఏదో నొక్కి, నా వైపు తిప్పాడు. మా సంఘం పేరు ఉంది. ఎదురుగా సున్నా. దేశంలో ఏ దుకాణంలో ఎన్ని సంచులున్నాయో, ఎవరు వేలిముద్ర వేసి ఎన్ని తీసుకున్నారో అందులో కనిపిస్తుందట. "మీకు లేదని నాకు తెల్సు. పన్నెండు దినాల నుంచి సున్ననే చూస్తున్న."

నాకు ఒళ్లు మండింది. "తెల్సి ఏం లాభం సారూ?"

ఆయన వేలితో ఇంకో జిల్లా మీద నొక్కాడు. అక్కడా సున్నాలే. వరసగా. "మిమ్మల్ని ముందుకు జరిపితే వీళ్లల్ల ఒకరిని వెనక్కు జరపాలె. ఎవర్ని జరుపుదామో మీరే చెప్పుండ్రి, ఇప్పుడే రాస్త."

నేను చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే రాసేవాడా? రాసేవాడు కాదనే అనుకుంటాను. కానీ ఆ క్షణంలో ఒక ఊరి పేరు నా నాలుక దాకా వచ్చిన మాట నిజం.

బయటికొచ్చి బీచ్ రోడ్డు మీద ఎంత దూరం నడిచానో తెలియదు. గాలికి గొడుగు తిరగబడి రెండు పుల్లలు విరిగాయి. ఒక చూరు కింద ముంత మసాలా కొన్నాను. మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మరసం, నలభై రూపాయలు. నాలుగు గుప్పిళ్లు తినేసరికి మెత్తబడిపోయింది. ఆ సాయంత్రం స్వరూప వంజరం చేపల పులుసు పెట్టింది. రుచి చెప్పమంటే చెప్పలేను. తింటున్నంతసేపూ ఇంటి కప్పు మీద చినుకుల చప్పుడు తగ్గిందా లేదా అనే విన్నాను.

మూతలు తీసిన మధ్యాహ్నం

మూడో రోజు పదకొండింటికి ఎండ వచ్చింది. పన్నెండింటికి సత్యం గారి ఫోన్. "మూతలు తీసిండ్రు. చూస్తనంటే రండ్రి, ఒక్క పూటకు పాసు ఇప్పిస్త."

అప్పలనాయుడికి ఫోన్ చేస్తే ఎవరితోనో మాట్లాడుతూ ఎత్తాడు. "బావా, తర్వాత సేత్తాను, యూరియా అమ్మగారు" అని అటు పెట్టేసి, పావుగంటలో వచ్చేశాడు.

నెత్తిన పసుపు టోపీ పెట్టి లోపలికి పంపారు. మలుపు తిరగగానే ఓడ. మా ఊరి బియ్యం మిల్లు గోడలు నాలుగు ఒకదానిమీద ఒకటి పేర్చినా దాని అంచు అందదు. పైన క్రేను ఒక ఇనప దోసిలిని ఓడ కడుపులోకి దించి, పైకి లేపి, లారీలోకి వదులుతోంది. తెల్లటి గింజలు, సగ్గుబియ్యంలా, జలజలా పడుతున్నాయి. గాలిలో ఆ వాసన. మా ఇంటి మూల గదిలో సంచి మూతి విప్పితే వచ్చే వాసనే. ఫోన్ తీయబోతే ఫోటోలు కుదరవన్నారు. మల్లేశానికి చెప్పాను. "చూసిన. ఉంది." "మనదేనా?" అన్నాడు.

రేవు గోడ పక్కనే గోదాము. లారీలు తెచ్చిన యూరియాను అక్కడ కుప్ప పోసి, సంచుల్లోకి తూచి, మూతి కుట్టి, పక్కనే ఉన్న పట్టాల మీది గూడ్సులోకి ఎక్కిస్తారు. మోసేది మగవాళ్లు. సంచి పట్టేది, కుట్టేది ఎక్కువ ఆడవాళ్లు. కుట్టు మిషను పట్టుకున్నామె పేరు నూకరత్నం. నా వయసే ఉంటుంది. ముక్కుకు చీర చెంగు కట్టుకుంది. సంచి మిషను కింద నుంచి జారుతుంటే మూతి బిగుసుకుపోతోంది.

నన్ను చూసి చెంగు కిందికి లాగింది. "మీరు ఆఫీసరమ్మా?"

"కాదు. ఈ సంచి కోసం వరసల నిలబడేదాన్ని."

ఆమెకు నవ్వాగలేదు. తర్వాత మిషను చప్పుడు మధ్యే ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. ఎన్నెకరాలు? ఏటి పంట? మనుసులు తినడానికా, కోళ్లకా? ఎకరానికి ఎన్ని సంచులు పడతాయి? సేత్తో సల్లుతారా?

"నాను పుట్టింది ఇక్కడే, ఈ రేవు పక్కనే. పదేళ్లయింది ఇది కుట్టబట్టి. ఇది సేలో ఏసినప్పుడు ఎలాగుంటాదో ఒక్కపాలీ సూడలేదు. ఏస్తే పచ్చగవుద్దంట గదా?"

"నాలుగు రోజుల్ల అయితది" అన్నాను. "నేను ఓడను ఇంత దగ్గర చూసుడు ఇదే మొదలు."

"ఓడదేటుంది సూడ్డానికి" అంది నూకరత్నం.

అంతలో వెలుతురు పోయింది. ఎవరో అరిచారు. చినుకు కాదు, ఒకేసారి కుండపోత. గేటు దగ్గర విడి యూరియాతో ఒక లారీ నిలబడి ఉంది. పైన కప్పిన టార్పాలిన్ ఒక మూల తాడు తెగి, గాలికి చాపలా లేచి కొట్టుకుంటోంది. నూకరత్నం మిషను వదిలేసి పరిగెత్తింది. మిగతా ఆడవాళ్లు వెనకే. నేనెందుకు పరిగెత్తానో ఆలోచించుకోలేదు. తాడు చేతికి దొరికింది, లాగాను. "కిందకి లాగండి! కిందకి!" నూకరత్నం చక్రం మీదికి ఎక్కి అంచు పట్టుకుంది. గాలి ఒక్క ఊపు ఊపితే తాడు నా అరచేతిలోంచి జారిపోయింది. చర్మం లేచిపోయింది. మళ్లీ పట్టుకున్నాను. ఇద్దరు మగవాళ్లొచ్చి కొక్కేనికి బిగించేదాకా వదల్లేదు.

అంచు నుంచి కారిన తెల్లటి నీళ్లు మోచేతుల దాకా వచ్చాయి. యూరియా తడిస్తే మంచులా చల్లబడుతుంది. చేలో చల్లేవాళ్లకు తెలుసు. వేళ్లు కొంకర్లు పోయాయి, అరచెయ్యి మాత్రం మండుతోంది. ఒక మూలన కొంచెం ముద్దయింది. మిగతాది దక్కింది. లారీని గోదాములోకి నడిపించారు.

నూకరత్నం ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. నా చెయ్యి చూసి, చెంగు అంచు చింపి కట్టింది. "మీ ఊరికేనా ఇది?"

"కాదు. పత్తి చేన్లకు పోతదట."

"అలాగా" అంది. మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

చీకటి పడక ముందే వాన వెలిసింది. మొదటి రేకు తలుపులు ఒక్కొక్కటే మూసి సీలు వేస్తున్నారు. అది కదలడం చూడాలనిపించింది. కానీ పాసు గడువు అయిపోయింది.

తిరిగి వచ్చాక

మూడో రేకు నేనొచ్చిన తొమ్మిదో రోజుకు మా జిల్లాకు చేరింది. మా సంఘానికి రెండు లారీలు. ఆలస్యమైందా అంటే అయింది. మా చేనులో పై చెక్క తేరుకుంది. పల్లం చెక్కలో కంకులు పొట్టివే వచ్చాయి, చివర గింజ పట్టలేదు. మల్లేశం ఒక కంకి ఒలిచి చూసి పారేశాడు. పద్మనాభం నుంచి అప్పలనాయుడు ఫోన్ చేశాడు. "మాకు రెండు సంచులొచ్చాయండి. ఏసీసాం. మీకు?" వచ్చాయని చెప్పాను. ఇద్దరం కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం.

యూరియా పంచిన రోజు సంఘం గది ముందు అందరూ నన్ను చుట్టుకున్నారు. ఓడ ఎంతుంది, నిజంగా మూతలు ఉంటాయా, క్రేను ఎంత ఎత్తు? ఒకరిద్దరు ఇప్పటికీ నమ్మలేదు. గోడ మీద కాగితాల గురించి, ఫోన్లో కనిపించే సున్నా గురించి చెప్పాను. అంబలి ఇరవై, ముంత మసాలా నలభై, నెత్తళ్లు పోగు నూట ఇరవై అని ధరలతో సహా చెప్పాను. గోదాములో వాన గురించీ, నూకరత్నం గురించీ చెబుతుంటే కట్టు విప్పిన చెయ్యి కూడా చూపించాను.

మా పక్క చేను లచ్చమ్మ అంతసేపూ తన సంచి మీద కూర్చుని వింది. డెబ్బై ఏళ్ల మనిషి, చిన్నప్పటి నుంచీ కూలికి పోయిన మనిషి. సంచి మూతి మీది కుట్టును బొటనవేలితో రాస్తూ అడిగింది.

"గీ సంచులు కుట్టే ఆడోళ్లకు దినానికి కూలెంతిస్తరు పద్మా?"

నూకరత్నం నన్ను ఎకరాలు అడిగింది, పంట అడిగింది, పచ్చబడడం అడిగింది. నేను ఆమెను ఒక్క ముక్కా అడగలేదు.

"అడగలే పెద్దమ్మా" అన్నాను.

లచ్చమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. "అంత దూరం పోయినదానివి" అంది, "అడిగి రావద్దా బిడ్డా?"